యజమాని సంతకం

(కోరుట్లలో ఒక పెంకుటింటి వాకిలి, పొద్దున పది గంటలు. ఒళ్లో బీడీల చాటతో లసుమవ్వ. పక్కన పెళ్లయి ఆరు వారాలైన కొత్త కోడలు ప్రవళిక, చేతిలో స్పీకర్ పెట్టిన ఫోను. అవతల హైదరాబాదు నుంచి ఆరోగ్య కమిషన్ ఆఫీసు సూపరింటెండెంటు దావీదు.)

"అందుకే అంటున్నానమ్మా, ఒక్క మాట మారిస్తే చాలు. మీ వృత్తి దగ్గర 'బీడీ కార్మికురాలు' తీసేసి 'సామాజిక కార్యకర్త' అని పెడదాం."

"ఎందుకు తీసుడు సారూ? నేను చేసే పని గదే గదా."

"పని తక్కువని కాదు లసుమవ్వ గారూ. రాష్ట్రం మొత్తానికి ఆరుగురే సభ్యులు. రేపు పేపర్లో పేర్లు, వృత్తులు పడతాయి. ఆరోగ్య కమిషన్‌లో బీడీలు చుట్టే ఆమె అంటే..."

"నవ్వుతరా?"

"నవ్వుతారని కాదు."

"మరి ఏడుస్తరా?"

"అత్తమ్మా, సార్‌ను చెప్పనియ్యి. సార్, నేను ప్రవళికను, కోడల్ని. ఫారం నింపి పంపింది నేనే. డిగ్రీ చదివిన సార్, తప్పులు పోలేదు గదా?"

"తప్పుల్లేవమ్మా, చక్కగా ఉంది. చివర పూలు కూడా పెట్టారు."

"పూలా?"

"రెండు గులాబీ బొమ్మలు వచ్చాయి."

"అయ్యో, అవి మీకు గావు సార్. అవి... ఇంట్లోళ్లకు పంపేటివి. అలవాటుల చెయ్యి పడ్డట్టుంది."

"గులాబీలుంటె నడుస్తది గని బీడీలుంటె నడవదా సారూ?"

"మీతో కష్టమమ్మా."

"మిగిలిన అయిదుగురివి సదువుండ్రి. వాళ్లు చేసే పనులు గూడ మార్చిన్రా?"

"మార్చడానికేముంది. మొదటాయన గుండె డాక్టరు. రెండో ఆమె నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరైంది. మూడో ఆయన వకీలు. నాలుగో ఆయన పారిశ్రామికవేత్త. అయిదో ఆయన మందుల మీద పరిశోధన చేసే ప్రొఫెసరు. ఆరు మీరు."

"పారిశ్రామికవేత్త అంటె ఏంది బిడ్డా?"

"ఏదన్న పరిశ్రమ నడిపేటాయన, అత్తమ్మా."

"ఏం పరిశ్రమ సారూ?"

"అది... వాళ్లు అంతే రాసి పంపారు."

"ఏం పరిశ్రమనో రాయకున్నా ఆయనది నడిచిందా?"

"పెద్దవాళ్లమ్మా. ఎన్నో ఊళ్లకు మంచినీళ్ల ప్లాంట్లు పెట్టించారు. ఇప్పుడు ఆయన సంగతి ఎందుకు? మీ గురించే నా బాధ. సిరిసిల్ల సభలో మీరు లేచి ఆ దారం చూపించారు చూడండి, మా చైర్మన్ గారు ఇప్పటికీ దాని గురించే చెప్తారు. పట్టుబట్టి మీ పేరు పెట్టించింది ఆయనే."

"గా దారం ఎక్కడిది సారూ?"

"అంటే?"

"బీడీలకు చుట్టే దారం. మా నాలుగు వాడలు ఇల్లిల్లు తిరిగిన. దమ్ము పట్టుకొని ఊపిరాడని ఆడిమనిషి కనవడ్డకాడల్ల ఒక్కో ముడి ఏసిన. నూటా పదకొండు ముళ్లు. నేను సామాజిక కార్యకర్తనైతె నోటుబుక్కుల రాసుకుందును. బీడీలు చేసేదాన్ని గాబట్టి దారానికి ముడేసిన. గిప్పుడు దారం కావాలె, చేతులు వద్దంటె ఎట్ల?"

"చేతులు వద్దని నేననలేదమ్మా."

"మీది ఏ ఊరు?"

"ఎందుకులే అమ్మా."

"చెప్పుండ్రి."

"ఎల్లంతకుంట."

"ఓ, మనోళ్లే. గప్పటిసంది టీవీల తీరు మాట్లాడితె ఏ దేశమో అనుకుంటిని. మీ అమ్మ ఏం చేస్తుండె?"

"నాట్లకు పోతుండె... పోయేదమ్మా. కూలికి."

"నౌకరి అచ్చినప్పుడు మీ ఫారంల అమ్మ పని ఏమని రాసినవ్?"

"కూలీ అనే రాసిన."

"సామాజిక కార్యకర్త అని రాయకపోయినవా?"

"అమ్మా, నన్ను వట్టుకొని ఆడుకుంటున్నవ్ నువ్వు. సరే, బీడీ కార్మికురాలు అనే ఉంచుత. గని ఒకటి. ప్రతి సభ్యుని పనికి ఒక రుజువు ఫైల్ల పెట్టాలె. డాక్టరుకు పట్టా ఉన్నది, వకీలుకు లైసెన్సు ఉన్నది. నీకు యజమాని సంతకం కావాలె. 'ఈమె మా బీడీలు చేస్తది' అని ఒక కాయిదం. సాయంత్రం అయిదింటి లోపట పంపియ్యాలె."

"సామాజిక కార్యకర్త అంటె ఏం రుజువు పెట్టాలె సార్?"

"దానికి రుజువు అక్కెర లేదు బిడ్డా."

"సార్, ఒకవేళ సంతకం దొరకకపోతె?"

"గా గడి ఖాళీగ ఉంటె పేరు ముందుకు పోదు. అది నా చేతుల లేదు. నేను మంచికే చెప్తున్న. ఆలోచన చేసుకోండి."

"ఫోను పెట్టేసిండు అత్తమ్మా. మంచోడే ఉన్నడు గదా? ఊరు అడగంగనే భాషనే మారె."

"మంచోడే. భయస్తుడు."

"అయిదింటి దాక టైం ఉన్నది. సంతకం దేనికి, నీ బీడీ కార్డు ఫొటో తీసి పంపుత. ఎక్కడున్నది?"

"బియ్యం డబ్బ మీద, సంచిల."

"దొరికింది. ఆగు... గిది నీది గాదు అత్తమ్మా. మల్లవ్వ అని ఉన్నది."

"గదే."

"మల్లవ్వ ఎవరు?"

"మీ మామ చెల్లె. పెండ్లిల నీ నెత్తిమీద అందరికంటె ఎక్కువ తలంబ్రాలు పోసి నవ్విందే, గొల్లపల్లామె."

"ఆ అత్తమ్మ కార్డు మనింట్ల ఎందుకున్నది?"

"ఆమె పెండ్లయి అటు పోయింది, నేను పెండ్లయి ఇటు అచ్చిన. ఆమె చాట తెచ్చి నా ఒళ్లె పెట్టిన్రు. నాకు కొత్త కార్డు ఇయ్యుమంటె, 'ఇంట్ల ఒకటి ఉన్నది గదా, దాని మీదనే చెయ్యి' అన్నడు ఆకు, తంబాకు ఇచ్చే టేకేదారు. ముప్పై ఒక్క ఏండ్లాయె."

"అంటె కాయిదం మీద నువ్వు..."

"ఒక్క బీడీ చెయ్యలే."

"మల్లవ్వత్తమ్మ?"

"గొల్లపల్లిల బర్లు కాసుకుంట రోజు వెయ్యి చేస్తది."

"నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు. కొత్త కోడలికి ఒళ్లె చాట పెట్టుడే ఇంటి ఆచారమైతె, మరి నాకెందుకు పెట్టలే? మొన్న నేనే ముట్టుకుంటె చేతి మీద కొట్టినవ్."

"మళ్ల పెట్టుకున్న గోరింటాకు గంత ఎర్రగ పండె. తంబాకు పట్టియ్యాల్నా దానికి? పోతది."

"మీ కొడుకు గూడ గదే అన్నడు."

"ఏమన్నడు?"

"ఏం లేదు."

"పొద్దున్నుంచి నీ ఫోను ఎన్నిసార్లు మోగింది?"

"మూడుసార్లే. సిరిసిల్లల మరమగ్గాల సాంచాల చప్పుడుకు మాట ఇనవడదని మెసేజ్ పెడ్తడు. 'టీ తాగినవా' అని."

"మూడుసార్లు తాగినవా?"

"ఒక్కసారే తాగిన. మూడుసార్లు చెప్పిన."

"మీ మామ నన్ను ముప్పై ఒక్క ఏండ్లల ఒక్కసారి అడగలే. బీడీ కావాలంటె మాత్రం 'లసుమా' అంటడు, తేనె కారుతది. నవ్వకు, నవ్వకు. గా దారపుండ ఇటియ్యి."

"అత్తమ్మా, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. సామాజిక కార్యకర్త అని రాసేద్దాం. పేరు పోతె ఎట్ల? నేను వాడంత చెప్పిన. పెగడపల్లిల మా అమ్మోళ్లకు చెప్పిన. హైదరాబాదుల కుర్సీ మీద కూసుంటవని నా పెండ్లి చీరలల్ల నెమలిపింఛం రంగుది తీసి ఇస్త్రీ గూడ చేసి పెట్టిన."

"నీ చీర నాకెందుకే?"

"నేను కట్టుకుంటె మీ కొడుకొక్కడే చూస్తడు. నువ్వు కట్టుకుంటె పేపర్ల పడ్తది. చెప్పేది ఇను. టేకేదారు సంతకం పెట్టడు. పెట్టిండంటె, వేరేటోళ్ల కార్డు మీద నీతోని చేయించుకుంటున్న అని ఒప్పుకున్నట్టే గదా. పోయి అడిగినందుకే నీ పని బంద్ చేస్తడు."

"చేస్తె చెయ్యనీ."

"గట్ల అంటె ఎట్ల?"

"మరెట్లంటరు? ముప్పై ఒక్క ఏండ్లు మల్లవ్వ పేరు మీద చేసిన. ఇప్పుడు పోయి కార్యకర్త పేరు మీద కూసుంట. మరి లసుమవ్వ ఏడున్నట్టు బిడ్డా? ఎప్పుడు బతికినట్టు?"

"గట్ల అనకు అత్తమ్మా."

"గా నూటా పదకొండు మందిల సొంత కార్డు ఉన్నోళ్లు ముప్పై మందే. మిగిలినోళ్లందరు నా లెక్కనే, అత్త కార్డు, అక్క కార్డు. నేనే చేతులు వెనుకకు దాసుకుంటె, వాళ్లకు దమ్ము ఎట్ల అచ్చిందంటరు? సమాజ సేవ చేస్తె అచ్చిందంటరా?"

"గని పేరు పోతె వాడల అందరికి నేనేం చెప్పాలె?"

"చెప్పకు. పేరు పోతె పోనీ. గని 'లేదు' అని వాళ్లతోనే అనిపిస్త, నా అంతట నేను అన. ఆఫీసోళ్లు పొద్దున లిస్టు పంపిన్రంటివి గదా, ఫొటోలతోని. సూపియ్యి. ఎవరి పక్కన కూసోకుంట పోతున్ననో సూద్దాం."

"ఇగో. ఈయన గుండె డాక్టరు."

"నిద్ర లేనట్టుంది పాపం."

"నర్సింగ్ మేడం. కండ్లద్దాలు మస్తున్నయ్, నేను గూడ గసొంటివి తీసుకోవాలె. ఈయన వకీలు. ఈయన పారిశ్రామికవేత్త. ఈయన ప్రొఫెసర్. ఆరు నువ్వు, పెండ్లి ఫొటోల నుంచి కత్తిరించిన. పక్కన నా చెయ్యి పడ్డది చూడు, గోరింటాకుతోని."

"ఆగు. వెనుకకు పో."

"వకీలుకా?"

"నాలుగో ఆయన. పెద్దగ చెయ్యి."

"కె. సంజీవ్ రావు. పారిశ్రామికవేత్త, జగిత్యాల. ఎందుకు, ఎరుకేనా?"

"మీ మామ అంగి కొయ్యకున్నది. జేబుల బీడీ కట్ట ఉంటది, పట్టుకరా."

"గిప్పుడు నువ్వు బీడీ తాగుతవా?"

"తెమ్మన్న గదా."

"తెచ్చిన. జామకాయ మార్క."

"గీ చాటల ఉన్నయి గూడ జామకాయయే. మీద కాయిదం సరిగ్గ సూడు. గా పుండు బొమ్మ కింద."

"యాక్. గీ క్యాన్సర్ బొమ్మ కిందనా? ఏదో చిన్న ఫొటో..."

"ఫోన్ల ఉన్నదాని పక్కన పెట్టు."

"అత్తమ్మా."

"ఊఁ."

"గదే మీసం. గదే టోపీ. కింద యజమాని పేరు గూడ ఉన్నది, కె. సంజీవ్ రావు అని. గందుకేనా ఏం పరిశ్రమనో రాయంది?"

"నాకేమెరుక. ఫోను కలుపు."

"ఏమంటవ్ సార్‌తోని?"

"ఇనవడ్తది గదా. కలుపు."

"దావీదు సార్, నేను ప్రవళికను."

"చెప్పు బిడ్డా. ఏమనుకున్నరు? కార్యకర్త అని మార్చాల్నా?"

"అత్తమ్మ మాట్లాడుతది సార్."

"సారూ, ఒక్కటి అడుగుత. యజమాని సంతకం అంటె పెద్ద యజమానిదే కావాల్నా, టేకేదారుది నడుస్తదా?"

"పెద్దాయనదైతె ఇంక ఎవ్వలు అడ్డం మాట్లాడరు. గని ఆయన నీకు ఏడ దొరుకుతడమ్మా, అయిదింటి లోపట?"

"నాకెందుకు సారూ, ఆయన మీకాడనే ఉన్నడు. నా ఫారం మీ లిస్టుల నాలుగో ఆయనకు పంపుండ్రి. ఆయన ఏం పరిశ్రమ నడుపుతడో నా గడిల ఆయన చేతితోనే రాసి, కింద సంతకం పెట్టుమనుండ్రి."