రిసీవర్ పక్కన పెట్టిన పూట

1997 ఆగస్టు. పరాయి దేశంలో ఇసిపింగో అనే ఊళ్ళో ఒక అద్దె ఫ్లాటు, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అఖిల భర్త శ్రవణ్ మూడు రోజులుగా ఆఫీసు పని మీద ఎస్ట్‌కోర్ట్ అనే ఊళ్ళో ఉన్నాడు. అతనితో పాటు ప్రాస్పెక్టన్ ఆఫీసులో పనిచేసే డెన్వర్, తాతల కాలంలో ఇక్కడికి వలస వచ్చిన తెలుగువాళ్ళ పిల్లాడు, ఇప్పుడే వచ్చి కూర్చున్నాడు.

"నా భయం దొంగల గురించి కాదు అన్నయ్యా. తెలిసినవాళ్ళు లేనిచోట మా ఆయనకి షుగర్ పడిపోతుందేమోనని. అదొక్కటే. ఆయన ఊరెళ్ళిన దగ్గర్నించీ నాకు కంటిమీద కునుకు లేంది దానికే. పాస్‌వర్డు సంగతి నాకేం తెలుసు?"

"నాను షుగర్ అడగలేదు సెల్లీ. పాస్‌వర్డు అడిగినాను."

"అందుకే చెప్తున్నా, తెలీదని."

"ఎవురికీ సెప్పలేదా?"

"తెలీనిది ఎలా చెప్తాను?"

"కాయితం మీద రాసి పెట్టినాడా? ఫ్రిజ్‌లో? దేవుడి కాడ?"

"ఫ్రిజ్‌లో ఆయన పట్టుకెళ్ళగా మిగిలిన ఇన్సులిన్ ఉంది. దేవుడి దగ్గర కుంకం ఉంది. వెతుక్కోండి. నెలనెలా ఒకటో తారీకున మారుస్తారు, ఎక్కడా రాయరు. మన పెళ్ళిరోజు పెట్టుకోండి, గుర్తుంటుంది అన్నాను ఒకసారి. అందరికీ తెలిసింది పాస్‌వర్డు ఎలా అవుతుందే అన్నారు. ఆ పెళ్ళిరోజు ఆయనకి గుర్తుండదనుకోండి, అది వేరే సంగతి."

"నవ్వు కాదు సెల్లీ. మేనేజరు కోపం మీద ఉన్నాడు."

"నేనెక్కడ నవ్వాను? రెండు రాత్రుల్నించీ తేజకి జ్వరం. ఇప్పుడే పడుకున్నాడు. కాస్త మెల్లగా మాట్లాడండి."

"సరే, మెల్లగా. సూడు, ఈ కాయితం. పొద్దున్నించీ సర్వర్ కాడికి ఎవురెవురు వచ్చినారో అది రాసుకుంటాది. శ్రవణ్ పేరు మీద పదకొండు పాలి వచ్చినారు."

"ఆయనే అయ్యుంటారు."

"కాదు. శ్రవణ్ ఊరికెళ్తే ముందు నాకు ఫోన్ సేత్తాడు. సోమవారం సేసినాడు. నిన్న సేసినాడు. 'డెన్వర్, ఇవాళ నా ఇంటి నంబరు బదులు ఎస్ట్‌కోర్ట్ నంబరు పెట్టు' అంటాడు. నాను మారుత్తాను. అప్పుడే లోపలికి వస్తాడు. సాయంత్రం మళ్ళా ఇంటి నంబరు పెట్టేత్తాను. అది ఆయన రూలే. ఇవాళ ఫోన్ లేదు."

"మర్చిపోయారేమో."

"శ్రవణా? అన్నం మరుస్తాడు. రూల్ మరవడు."

"అదీ నిజమే."

"సెల్లీ, సర్వర్ ఎలా పన్జేసుద్దో నీకు తెలుసా?"

"నేను చదివింది తొమ్మిదో తరగతి అన్నయ్యా. పదిలో ఉండగా మానిపించారు. మీరు చెప్పినా నాకు..."

"తెలుసా, తెలీదా?"

"కొంచెం తెలుసు. రోజూ ఆ గోలేగా ఇంట్లో. ఫోన్లోంచి తలుపు తట్టాలి. పేరు చెప్పాలి, పాస్‌వర్డు చెప్పాలి. రెండూ సరిపోయినా తలుపు తీయదు. 'సరే, నువ్వు ఇంటికి పో, నేనే వస్తా' అని ఫోన్ పెట్టేస్తుంది. తన దగ్గర రాసి ఉన్న నంబరుకే తిరిగి చేస్తుంది. పాస్‌వర్డు ఎవరు దొంగిలించినా ఫోన్ మాత్రం మా ఇంటికే వస్తుంది, దొంగ ఇంటికి పోదు. అంతేగా?"

"ఐష్! మా మేనేజరుకి రెండేళ్ళు సెప్పినా తెలవలే. నువ్వు ఒక నిమిషంలో సెప్పినావు."

"అన్నం తినేటప్పుడు రోజూ చెప్తే ఎవరికైనా వస్తుంది."

"అయితే ఇప్పుడు ఇను. ఇవాళ పొద్దున్న సర్వర్ ఆరు పాలి ఫోన్ సేసింది. ఈ ఇంటికి. ఆరు పాలీ ఎవురో ఎత్తినారు."

"ఈ ఇంటికా?"

"ఎవురు ఎత్తినారు సెల్లీ?"

"ఫోనా? ఏమో. మోగినట్టే లేదు."

"మోగలేదా?"

"బాబుతో సరిపోయింది నాకు. వినలేదేమో."

"ఎత్తినట్టు రాసి ఉంది."

"రాసినవన్నీ నిజాలా?"

"సెల్లీ, నాను పదకొండున్నర నుంచి ఇక్కడికి ఫోన్ సేత్తన్నాను. ఎంగేజు. ఎప్పుడు సేసినా ఎంగేజు. రెండు గంటలు ఎవురితో మాటాడినావు?"

"ఎవరితోనూ లేదు. తేజ ఆడుకుంటూ తీసి ఉంటాడు."

"జొరం అన్నావు. ఆడుకుంటున్నాడా?"

"పోలీసాఫీసరులా అడగకండి అన్నయ్యా."

"నాను అడక్కపోతే మేనేజరు అడుగుతాడు. శ్రవణ్ ఇంటికాడ ఎవురో కంప్యూటర్ పెట్టుకుని కూకున్నారు, పెళ్ళాం లోపలికి రానిచ్చింది అంటన్నాడు. శ్రవణ్ పేరు తీసేత్తానంటన్నాడు సర్వర్లోంచి. పేరు తీసేత్తే..."

"ఉద్యోగం పోతుంది. ఈ దేశంలో ఉండే పర్మిట్ పోతుంది. తెలుసు."

"మొన్నటిదాకా తెల్లోళ్ళు ఆ సర్వర్ రూములోకి మావోళ్ళని తుడవడానికి కూడా రానిచ్చేవారు కాదు సెల్లీ. ఇప్పుడు తాళాలు శ్రవణ్ కాడ ఉన్నాయి, నా కాడ ఉన్నాయి. సూసినావా, ఈళ్ళకిత్తే ఇంతే అనేవోళ్ళు ఎంతమంది కాసుకుని కూకున్నారో నీకు తెలీదు. అందుకే నాను వచ్చినాను. నిజం సెప్పు. ఇంట్లో ఎవురున్నారు?"

"నేను. తేజ. నిన్న కింద ఇంట్లోంచి మీ అమ్మగారు పంపిన సూపు. చాలా? లోపలికెళ్ళి మంచం కింద కూడా చూసుకోండి."

"కోప్పడకు."

"మీరేమో మంచాల కింద మనుషుల్ని వెతుకుతారు, నేను కోప్పడకూడదు."

"మరి ఫోను?"

"నేనే తీసి పక్కన పెట్టాను. సరేనా? రిసీవరు తీసి, పైన దిండు వేశాను."

"ఎందుకు?"

"ఆయనతో చెప్పనంటే చెప్తా. తను ఊళ్ళో లేనప్పుడు ఫోన్ తీసి పక్కన పెట్టొద్దని వందసార్లు చెప్పారు. నేనే పెట్టాను. ఎవరో ఏడిపిస్తున్నారన్నయ్యా పొద్దున్నించీ. తొమ్మిదిన్నరకి మొదలు. బాబు పడుకోవడం, ఫోన్ మోగడం. ఎత్తితే మనిషి మాట్లాడడు. ఒకటే అరుపు."

"ఏం అరుపు?"

"అరుపంటే... కీ మని సన్నగా. ఆ తర్వాత గరగరమని, సైకిల్ చక్రంలో పుల్ల పెట్టినట్టు. మళ్ళీ కీ. మొగుడు ఊళ్ళో లేడని తెలిసిన వెధవెవడో అనుకున్నా. తిట్టాను కూడా. మా ఊళ్ళో తిట్లన్నీ తిట్టాను."

"ఎన్ని పాలి మోగింది?"

"లెక్కపెట్టలేదు. అయిదో ఆరో. ఆరోసారి తేజ ఉలిక్కిపడి లేచి నీలంగా అయ్యేదాకా ఏడ్చాడు. ఇంక పదకొండింటికి తీసి పడేశాను. ఎందుకలా చూస్తున్నారు?"

"నువ్వు తిట్టింది మా సర్వర్‌ని సెల్లీ."

"ఆ?"

"అది మోడెమ్ అరుపు. మిషను మిషన్ని పిలుత్తది అలాగ. ఎప్పుడూ ఇన్లేదా?"

"ఆయన కంప్యూటర్ ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్ మోగితే అదే ఎత్తుకుంటుంది, ఇప్పుడు వెంట పట్టుకెళ్ళారు. ముట్టుకోవద్దంటారు, నేను వంటింట్లోకి పోతాను. రిసీవర్ ఎత్తి చెవి దగ్గర ఎప్పుడూ పెట్టలేదు. అయితే... ఇంట్లో దొంగ లేడుగా? మీకు తెలిసిందిగా?"

"తెలిసింది. నువ్వే ఎత్తినావు. కంప్యూటర్ లేదు. ఎవురూ లోపలికి రాలేదు. పోనీలే, బతికినాం. మేనేజరుకి సెప్తాను."

"మరి తట్టిందెవరు?"

"అదే తెలీదు. బయటోడు ఎవుడో. పాస్‌వర్డు తెలిసినోడు. సర్వర్ ఇక్కడికి తిరిగి ఫోన్ సేసుద్దని తెలీనోడు."

"ఆ కాయితం ఇటివ్వండి. ఇవేంటి, అడ్డగీతలు?"

"మొదటి ఆరూ సరిగ్గా కొట్టినాడు. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా. తరవాత అయిదూ పాస్‌వర్డు తప్పు. తప్పయితే సర్వర్ ఫోన్ సేయదు, మొహం మీద పెట్టేత్తాది. ఆకరిది పన్నెండు ఇరవై. ఆ తరవాత ఏటీ లేదు."

"ఏమీ లేదా?"

"లేదు. ఇసుగొచ్చి పోయినాడు దొంగ."

"అన్నయ్యా."

"ఏటి?"

"దొంగకి ముందు తప్పు రావాలి కదా?"

"అంటే?"

"తెలీనివాడు ముందు తప్పు కొడతాడు. కొట్టగా కొట్టగా ఎప్పుడో సరిగ్గా తగులుతుంది. ఇతనికి ముందు సరిగ్గా వచ్చింది. ఆరుసార్లు. తర్వాత పోయింది. తెలిసింది పోయింది."

"సెయ్యి జారి ఉంటాది."

"అయిదుసార్లా? ఉండండి. నన్ను ఆలోచించుకోనివ్వండి. మీరేమన్నారు, అన్నం మరుస్తాడు, రూల్ మరవడు అన్నారు."

"అవును."

"కిందటి నెల క్లెయిర్‌వుడ్ కూరగాయల బజారు దగ్గర ఆయనకి బాలేనప్పుడు. మీ అమ్మగారు కూడా ఉన్నారు. చెప్పలేదా మీకు?"

"షుగర్ పడిపోయింది, కూల్‌డ్రింక్ తాగించినాను అంది."

"పడిపోయే ముందు ఏం చేశారో చెప్పలేదా? కార్లో కూర్చుని ఇంటి తాళంచెవి పెడుతున్నారు. ఇంటిది, కారుకి. పట్టలేదు. తీశారు. మళ్ళీ అదే పెట్టారు. మళ్ళీ తీశారు. కోపం లేదు, ఏం లేదు. నెమ్మదిగా. పది పదిహేనుసార్లు. ఏమైందండీ అంటే 'బాగానే ఉన్నా, ఒక్క నిమిషం' అన్నారు. మళ్ళీ అదే తాళం. చివరికి ఆ కంత ఎక్కడుందో కూడా కనపడలేదు, పక్కన గీకుతున్నారు. చూస్తే చొక్కా అంతా చెమట, పిండితే కారేట్టు."

"సెల్లీ..."

"అదే ఇది, తట్టింది ఆయనే. ఇంటి తాళం కారుకి పెడుతున్నారు. ఎస్ట్‌కోర్ట్‌లో కూర్చుని, ఇంట్లో ఉన్నాననుకుని చేస్తున్నారు. మీకు చెప్పాలన్న రూల్ ఆయన పెట్టిందే, అది పోయింది. అది తిరిగి మా ఇంటికి మోగుతుందన్నది పోయింది. పదకొండు తర్వాత పాస్‌వర్డు కూడా పోయింది. పన్నెండూ ఇరవై తర్వాత..."

"అలా అనుకోకు."

"టైమెంత?"

"రెండుకి పది తక్కువ."

"గంటన్నర. నేను ఫోన్ మీద దిండు వేసి కూర్చున్నా అన్నయ్యా. మీరు పదకొండున్నరకే చేశారు. అది పక్కన పెట్టకుండా ఉంటే..."

"ఇప్పుడు ఏడవకు. తరవాత ఏడువు. ఎస్ట్‌కోర్ట్ ఆఫీసుకి పొద్దున్నే సేసినాను. ఇక్కడ లైను బాలేదు, రూములోంచి సేసుకుంటానని శ్రవణ్ నిన్నే సెప్పినాడంట. రూము సూబ్రాయన్ తాతదే కదా?"

"ఆయనా డేజీ అవ్వా ఉండే కొట్టు వెనకాల. మీ అమ్మగారే ఇప్పించారు."

"నంబరు నా కాడ ఉంది. ఆ దిండు తియ్యి. డయల్ టోన్ ఉందా?"

"ఉంది."

"కొడతన్నాను... మోగతంది... తాతా! డెన్వర్‌ని! వల్లీ కొడుకుని! ఆ, అమ్మ బాగుంది. అది కాదు, అది కాదు తాతా, ఇను... ఐష్. ఇందా సెల్లీ, నువ్వు మాటాడు. నా తెలుగు ఆయనకి సగం ఎక్కదు. గట్టిగా సెప్పు, సెవుడు. నాను కింద అమ్మ ఫోన్లోంచి అక్కడి అంబులెన్సుకి సేత్తాను."

"తాతగారూ! నేను శ్రవణ్ భార్యని! అఖిలని! మా ఆయన గదిలో ఉన్నారా? ... పనిలో ఉన్నారా? ఎవరు చెప్పారు? ... డేజీ అవ్వ ఫలహారం పట్టుకెళ్ళారా? ఎప్పుడు? ... తొమ్మిదికి. తిన్నారా? ... గుమ్మం దగ్గరే ఉందా ఆ పళ్ళెం, ఇంకా? ... తాతగారూ, పొద్దున్నే ఇంజెక్షన్ చేసుకుని ఏమీ తినకపోతే ఆయనకి... వద్దు, అదంతా వద్దు, తర్వాత చెప్తాను. మధ్యాహ్నం భోజనానికి పిలిచారా? ... పన్నెండుకి. తలుపు తీశారా? ... తియ్యలేదు. లోపల్నించి పలికారా? ... ఏమన్నారు? గట్టిగా చెప్పండి తాతగారూ, ఏమన్నారు? ... బాగానే ఉన్నా, ఒక్క నిమిషం అన్నారా? ... అదే మాటా? ... కాదు తాతగారూ, మర్యాద కాదది, బాగున్న మనిషి మాట కాదది. కొట్టు వదిలేయండి. పంచదార నీళ్ళు కలుపుకుని వెళ్ళండి. పలికితే కొంచెం కొంచెంగా తాగించండి. పలక్కపోతే నోట్లో పొయ్యకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చిగుళ్ళకి తేనె రాయండి, అంబులెన్సు వస్తుంది. తాళం లోపల వేసుంటే తలుపు పగలగొట్టండి, నేను కొత్తది చేయిస్తాను. నేనీ ఫోన్ పెట్టను, మీరూ పెట్టకండి, అలా బల్లమీద ఉంచేసి వెళ్ళండి. బాగానే ఉన్నానంటే మాత్రం నమ్మకండి తాతగారూ. ఒక్కసారి లోపలికెళ్ళి ఆయన్ని చూడండి."