అందరిదీ ఒకే లెటరు

రాజపాళయంలోని ఒక బ్యాండేజి గుడ్డ మిల్లు ఆఫీసు. కంప్యూటర్లు చూసుకునే జనని పక్కన మేనేజరు రాజగోపాల కుదురుగా కూర్చోలేక లేస్తూ కూర్చుంటూ ఉన్నాడు.

“లేదు సార్, మన మిల్లు పనివాడు ఇసక్కిముత్తు లీవు అడిగినాడు. మూడు మెయిల్లు పంపినాడు.”

“నాకు ఒకటీ రాలేదే జనని. పది దినాలు చెప్పకుండా పోయినాడని పొద్దున్నే పనిలోంచి తీసేసినాను.”

“మీదాకా రాలేదు. స్పాం ఫిల్టరు పట్టుకొనింది. ఇదిగో, చూడండి.”

“లాటరీ మెయిల్లు ఆపమంటే లీవు లెటర్లు ఆపుతుందా నీ ఫిల్టరు?”

“అనుమానం కొద్దీ మెయిలుకు మార్కులు వేస్తుంది సార్. ముందు అయిదు మార్కులు దాటితేనే ఆపేది. మీరు కోప్పడినారని పోయిన నెల మూడుకు దించినాను.”

“సరి, మూడే అనుకో. వాడి లెటరుకు అన్ని మార్కులు ఎందుకు వచ్చినాయి? వాడేమైనా లాటరీ అమ్ముతున్నాడా?”

“అది... అందరి లెటరూ ఒకటే సార్.”

“ఒకటే అంటే?”

“పేరు, తేదీ తప్ప అక్షరం మారదు. ఒకే మెయిలు నూరుమంది నుంచి వస్తే ఫిల్టరు దొంగ మెయిలు అనుకుంటుంది.”

“కాయితం వద్దు, లీవు మెయిల్లోనే అడగాల అని రూలు పెట్టింది నేను. అందరికీ ఒకే లెటరు రాసిచ్చింది ఎవరు?”

“ఎవరో... క్యాంటీన్లో...”

“ఎవరు జనని?”

“నేనే సార్. ఇంగ్లీషులోనే ఉండాల అన్నారు కదా. సేత్తూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళకు ఇంగ్లీషు ఎక్కడిది? అందరి ఫోన్లోనూ నేనే ఎక్కించినాను.”

“సరి, సరి. వాడు జ్వరమనే కదా రాసినాడు? జ్వరానికి పది దినాలా?”

“జ్వరమని రాసింది నేను. వాడి భార్యకు ఏడో నెలలోనే కాన్పు అయింది. బిడ్డ ఇంకా మధురై ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉండాది.”

“అయ్యో. పనిలోంచి తీసేసిన ఆర్డరు తొమ్మిదింటికే మెయిల్లో పంపేసినానే. ఈపాటికి ఆస్పత్రి మెట్లమీద కూర్చొని చదువుకొని ఉంటాడు. ఏం చేసేది ఇప్పుడు, చెప్పు.”

“చదవలేదు సార్.”

“నీకెట్లా తెలుసు?”

“ముందు తీసేసిన మరియప్పన్ మొదలుకొని పదిమందికి పంపిన ఆర్డరునే పేరు మార్చి పంపినారు కదా. బయటికి పోయే మెయిల్లకూ ఇదే ఫిల్టరు సార్. మీ ఆర్డరుకు నాలుగు మార్కులు పడినాయి. ఇక్కడే ఆగి ఉండాది. చెరిపేసేదా?”