మస్కటా, డబ్లినా

రెండు వేల ఆరు, ఎండాకాలం. శామీర్‌పేట మండలం లాల్‌గడి మలక్‌పేట్‌లో ప్లాట్ల వ్యాపారం చేసే యాదగిరి ఇల్లు. పట్టపగలే తలుపులన్నీ మూసి ఉన్నాయి. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సుగా పనిచేసే అతని భార్య సుశీల అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది.

"డబ్లిన్ వద్దు. మస్కట్ అను సుశీల. ఒక్క మాట. మస్కట్."

"చెప్పులన్న ఇడ్వనియ్యవా?"

"ఏజెంటు మల్ల ఫోన్ చేస్తనన్నడు. ఏ ఊరో జెప్పాలె."

"పోయిన దసరకు డబ్లిన్ అంటే చెయ్యి లేపినవ్. గింత భూమి ఇడిసిపెట్టి పెండ్లాం జీతం తింటమా అన్నవ్. ఇయ్యాల ఏమొచ్చింది?"

"అప్పుడప్పుడే, ఇప్పుడిప్పుడే. నర్సులకు మస్కట్ల మస్తు గిరాకి ఉందంట. జల్దీ అయితదంట."

"డబ్లిన్ ఇంటర్వ్యూ పాసై కూసున్న నేను. మస్కట్ పోతే నిఖిల్ ఇంజినీరింగ్ ఏంగావాలె? రక్షిత పదో తరగతి ఏంగావాలె?"

"సదువు బతికుంటే గదా! నిన్న మన జీపు కాలవెట్టిండ్రు. టైర్లు పేలుతుంటే నీ బిడ్డ మంచం కిందికి దూరింది. గాలయ్య తమ్ముండ్లు గేటు ముంగట నిలవడి ఏమన్నరు? ఈ ఇంట్ల మొగపురుగును ఉంచం అన్నరు."

"ఉత్తగనే అన్నరా?"

"ఏం?"

"ఉత్తగనే కాలవెట్టిండ్రా అని అడుగుతున్న."

"నీకు తెల్వదా? మన వెంచర్ నడిమిట్ల గాలయ్య ఎకరం ఉంది. ఇయ్యడు, అమ్మడు. వాన్ని ఎవలో కొట్టిండ్రు, పేరు మన మీద వెట్టిండ్రు."

"ఎవలో?"

"ఎవలో. నాకేం ఎరుక? పోనీ కువైట్ అనమంటవా? కువైట్ల మా మేనబావ ఉన్నడు, డ్రైవర్. జాగ జూస్తడు."

"గాలయ్య సచ్చిపోయిండు."

"ఏంది?"

"ఇయ్యాల పొద్దుగాల. నా చేతులనే పానం పోయింది."

"బాగైతడన్నరు గదా! కండ్లు తెరిసిండన్నరు గదా!"

"ఎవలన్నరు? ఎవల్ని అడిగినవ్ నువ్వు? నీకేం ఎరుక లేకుంటే ఎందుకు అడిగినవ్?"

"ఊరంత అనుకుంటున్నరు..."

"మొన్న ట్రాక్టర్ల ఏసుకొస్తే నేనే కట్టు గట్టిన. తలకాయ ఎనుక బొక్క పలిగింది. దానికే బోర్ల వడ్డడు. దవడ, పక్కబొక్కలు... అవన్నీ పడ్డంక కొట్టినయి. నోట్లె మన్ను నిండింది. నాలుక మీదికెళ్లి నేనే తుడిసిన."

"చెప్పకు."

"ఇను. వెనుకకు తిరిగి ఉన్నోన్ని కొట్టిండు. లేస్తలేడని తెలిసి మల్ల కొట్టిండు. పడ్డోన్ని గడ్డపారతోని కొట్టినోడు మనిషి గాదు. పశువు."

"సుశీల, బంజెయ్యి!"

"అరువకు. సచ్చేముందు నా కొంగు పట్టుకున్నడు. 'మీ ఇంటోడే, అమ్మా' అన్నడు. గంతే. మీ ఇంటోడే."

"ఎవలన్న ఇన్నరా?"

"గదా నువ్వు అడిగేది?"

"ఎవలన్న ఇన్నరా అంటున్న!"

"నేనొక్కదాన్నే ఇన్న. ఐలమ్మకు జెప్పిన."

"గాలయ్య పెండ్లానికా! ఏం జెప్పినవ్?"

"చూసినోడు లేడని పోలీసులు కేసు పక్కకు వెడుతుండ్రని ఏడ్సింది. నీ మొగడు సచ్చేముందు కొట్టినోడెవడో నాకు జెప్పిండు, ఠాణాల నేను జెప్త అన్న. ఎవలని సుత అడగలే ఆమె. నా కాళ్ల మీద వడ్డది. ఇంటికొస్త, ఇద్దరం కలిసి పోదమన్నది."

"కట్టుకున్నోన్ని జైలుకు పంపుతవా?"

"పంపుత. నేను, పిల్లలు డబ్లిన్ పోతం. నువ్వు చేసింది నువ్వు అనుభవించు."

"పోత. నేనే పోత ఠాణాకు. నేనే కొట్టిన అని ఒప్పుకుంట. ముందుగాల నిఖిల్‌ను దాటియ్యి. వాడు ఇమానం ఎక్కినంక నన్ను ఉరి తియ్యమను, సరే."

"నిఖిల్‌ను ఎందుకు?"

"వాడు చిన్నోడు..."

"నిఖిల్‌ను ఎందుకు దాటియ్యాలె? ఏడున్నడు వాడు?"

"మీద అర్రల. తలుపేసుకున్నడు."

"జరమన్నవ్."

"జరమే. మొన్నటి సంది వణుకుతున్నడు, అన్నం ముట్టలే. వెంచర్‌కు హద్దు కడీలు పాతనీకి పోయినం సుశీల, వాడు నేను. గాలయ్య పీకి అవుతల పారేస్తుండు. మాటకు మాట అయింది. నన్ను దొబ్బిండు, మోరీల వడ్డ. నిఖిల్ చూసిండు. మా నాయినను దొబ్బుతవారా అనుకుంట..."

"ఆగు."

"గడ్డపార ఎప్పుడు అందుకున్నడో నేను జూడలే. లేసి వాన్ని పట్టుకున్న. ఆగలే. ఇగో, నా మోచెయ్యి జూడు, అడ్డం వోతే తాకింది. పేరు వెట్టి పిలిసిన. ఇనలే వాడు. అలసిపోయేదాకా కొట్టిండు."

"కాదు."

"నీ కొడుకే సుశీల."

"కాదు! మీ ఇంటోడే అన్నడు. ఇంటోడంటే నువ్వు. నువ్వే!"

"వాడు మన ఇంటోడు గాదా?"

"నా కొడుకు రగతం జూస్తే కండ్లు మూసుకుంటడు. సూదేస్తే నా చెయ్యి పట్టుకుంటడు..."

"కొట్టుడు అయినంక నా దిక్కు జూసిండు. నాయినా, లేపు ఆయన్ని అన్నడు. నేనేం లేపుదు?"

"వాని అంగి ఏంజేసినవ్?"

"ఏం?"

"అంగి, ప్యాంటు. రగతమైనయి. ఏంజేసినవ్?"

"కాలవెట్టిన."

"గడ్డపార?"

"చెర్వుల ఏసిన."

"ఏజెంటుకు ఫోన్ కొట్టు."

"ఏ ఊరని జెప్పాలె? డబ్లిన్ అంటివి గదా..."

"ఏ ఊరైతేంది? ఏ ఇమానం ముందుగాల లేస్తే ఆ ఊరు. వాడొక్కడు పోవాలె ముందు."

"ఎవలో తలుపు కొడుతుండ్రు."

"నువ్వు మీదికి పో. వాన్ని కిటికీ కాడికి రానియ్యకు. పో!"

"సుశీలమ్మా! నేను, ఐలమ్మను. తలుపు తియ్యి బిడ్డా."

"తీసిన, రా. నీళ్లు తాగుతవా?"

"నీళ్లెందుకు బిడ్డా, ఆటో నిలవెట్టి వచ్చిన. ఠాణాకు పోదాం పా. పీనుగను వాకిట్ల పండవెట్టి వచ్చిన. మా మరుదులు నీ గడప తొక్కద్దన్నరు. నేనే ఇనలే. సుశీలమ్మ అబద్ధమాడదన్న."

"ఠాణాకు నేనెందుకు ఐలమ్మా?"

"ఆయన ఎవలని జెప్పిండో చెప్తనంటివి గద."

"ఎవలని జెప్తడు? నీ మొగనికి మాటనే రాలే."

"అట్లంటవేంది? పొద్దుగాల నువ్వే జెప్తివి. నా చెయ్యి పట్టుకొని జెప్తివి. నీ నోటికెళ్లే ఇన్న."

"నేనట్ల అనలే ఐలమ్మా. దుఃఖంల ఉన్నవ్, నీకట్ల ఇనొచ్చింది."