అరవై మీద సున్నాలు

"సిగ్నలు పోతే అది ఎక్కడ పడుతుందని అడుగుతున్నారా మావయ్యా? నన్నా? ఈ ఈశ్వరప్రసాద్‌నా?"

పాలకాయతిప్ప వెళ్ళే రోడ్డు పక్కన మహాలక్ష్మమ్మ టీ కొట్టు. బల్ల మీద కూర్చుని మాట్లాడుతున్న ఈశ్వరప్రసాద్‌కి ఘంటసాలలో ఫొటో స్టూడియో ఉంది. ఈ మధ్యే ఒక చిన్న డ్రోను కొన్నాడు. ఎదురుగా ఉన్నది నాంచారయ్య. రేపు పొద్దున ఆయన కొత్త పడవని నీళ్ళలోకి దింపుతున్నాడు. పైనుంచి వీడియో తీయిస్తే బాగుంటుందని ఆయనకీ ఉంది. కానీ పడవ చుట్టూ ఊళ్ళో పిల్లలంతా మూగుతారు. గిర్రున తిరిగే రెక్కలున్న ఆ వస్తువు ఏ పిల్లాడి నెత్తిన పడుతుందోనని భయం. ఆ భయం తీరితేనే బేరం.

"అది సరే బావా, ఆ గుడివాడ తోలు చెప్పులేవి? హవాయి చెప్పులేసుకొచ్చావేంటి?" అన్నాడు హనోకు. అతను చేపల వ్యాపారి, ఈశ్వరప్రసాద్ ఎక్కడ నోరు తెరిస్తే అక్కడ చేరతాడు.

"ఒకటి సముద్రం పట్టుకెళ్ళిందిరా. అది కూడా ఈ కథలోదే, ఆగు. వినండి మావయ్యా. డ్రోను ఎగరేసే ముందే దానికో ఎత్తు చెప్పిపెట్టాలి. సిగ్నలు తెగిందనుకోండి, అది ముందు నిటారుగా ఆ ఎత్తుకి లేస్తుంది, లేచి, మనం ఎక్కడినుంచి ఎగరేశామో అక్కడికి తిన్నగా వచ్చి దిగుతుంది. నాదేమో చిన్నది, దారిలో చెట్టుందా, సెల్ టవరుందా అని దానంతటది చూసుకోలేదు. చూడాల్సింది మనం. చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైనదేదో చూసి, దాని మీద ఇంకాస్త కలిపి పెట్టాలి. మొన్న సోమవారం సంగమం దగ్గర తీస్తున్నాను. అక్కడున్న టవరు నలభై ఉంటుంది. నేను అరవై మీటర్లు పెట్టాను. అదీ పద్ధతి."

"ఇది బాగానే ఉంది," అన్నాడు నాంచారయ్య.

అక్కడితో ఆగిపోయుంటే బేరం కుదిరేదే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట రెండు రంగుల నీళ్ళుంటాయి చూడండి, సరిగ్గా దాని మీదుండగా సిగ్నలు పోయింది. ఇంకొకడైతే ఏడ్చేవాడు. నేను నవ్వాను. అదే సమయానికి ఓ అల వచ్చి చెప్పొకటి లాక్కుపోయింది, చెయ్యి తడిసింది, తడిచేత్తో ఫోను పట్టుకుంటే వేలు జారి అరవై పక్కన ఇంకో సున్నా పడింది!"

"ఆరు వందలా?" అన్నాడు హనోకు.

"ఆరు వందలే! ఝుయ్యిమని లేచింది. గూడబాతుల గుంపొకటి అటు వెళ్తోంది, ముందున్న పెద్ద పక్షి దీన్ని చూసి పక్కకి తప్పుకుని దారిచ్చింది, మిగతావన్నీ దీని వెనకాల వరస కట్టాయి. ఇటు అవనిగడ్డ, అటు బందరు, బందర్లో మా అత్తగారు డాబా మీద వడియాలు పెడుతోంది, కాకి ఎత్తుకుపోతుంటే నేనే ఇక్కడినుంచి ఫోన్ చేసి చెప్పాను."

"సిగ్నలు పోయింది కదా, ఫోన్లో ఎలా కనపడింది?" అన్నాడు నాంచారయ్య.

"మామూలు వాళ్ళకి కనపడదండి. సరే, ఆ సున్నా తీసేద్దామని మళ్ళీ వేలు పెట్టానా, అది పోకపోగా ఇంకోటి వచ్చి చేరింది. ఆరు వేలు! మబ్బుల్లోకి దూరింది, మబ్బుల్లోంచి తేలింది. గన్నవరంలో దిగాల్సిన విమానం ఎదురైంది. ఆ పైలటు అద్దంలోంచి చూసి, చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. మన డ్రోను కూడా ఓసారి ముందుకి వంగిందిలెండి. పెద్దవాళ్ళ పట్ల మర్యాద నేర్పాను దానికి."

మహాలక్ష్మమ్మ టీ వడకడుతూ, "ఇంకో సున్నా పడలేదా ఈశ్వరం?" అంది.

"పడకుండా ఉంటుందా పిన్నీ! అరవై వేలు! మన దివిసీమ మొత్తం రెండు కృష్ణపాయల మధ్య ఆరేసిన చేపలా కనపడింది. గుడివాడ ఓ చుక్క, ముదినేపల్లి చెరువులు పగిలిన అద్దం ముక్కలు. ఇంతలో ఎదురుగా ఉపగ్రహం! గుద్దుకుంటే దేశమంతా టీవీలు ఆగిపోతాయి. డ్రోను కింద చిన్న దీపం ఉంటుంది కదా, దాన్ని రెండుసార్లు వెలిగించి ఆర్పాను. లారీవాడికి సైడిచ్చినట్టు ఉపగ్రహమే పక్కకి జరిగింది!"

"బ్యాటరీ అరగంట కూడా రాదన్నావు బావా మొన్న?"

"పైన సూర్యుడు దగ్గర కదరా, ఎప్పటికప్పుడు చార్జి అవుతూనే ఉంది. రెక్కల మీద మాత్రం జానెడు మందాన మంచు పట్టింది."

"ఎండా, మంచూ రెండూనా?"

"ఈ పక్క ఎండ, ఆ పక్క మంచు. పైన అంతేరా, నువ్వెళ్ళలేదు కాబట్టి నీకు తెలీదు."

"ఆ మంచేదో తెచ్చి నా పండుగప్ప చేపల మీద పోస్తే బందరు దాకా ఐసు ఖర్చు తప్పేది," అన్నాడు హనోకు.

"అడగాల్సింది! ఇక చివరికి, అరవై వేల మీటర్ల పైనుంచి, అంత గాలిలో, వెంట్రుకవాసి అటూ ఇటూ పోకుండా వచ్చి ఇదిగో, ఈ అరచేతిలో వాలింది మావయ్యా. ఒంటిమీద గీత లేదు. అలాంటిది రేపు మీ పడవ మీద పది నిమిషాలు తిరగడానికి భయమా? పిల్లల్ని ఎక్కడైనా ఆడుకోనివ్వండి, ఎత్తు సంగతి నాకొదిలేయండి!"

నాంచారయ్య రోడ్డవతల ఇసకలో ఆడుతున్న పిల్లల వైపు చూస్తున్నాడు.

మహాలక్ష్మమ్మ గ్లాసులు బల్ల మీద పెట్టి, పొయ్యి వెనకనుంచి ఒక గోనెసంచి తీసింది.

"సోమవారం నేను ఊళ్ళో లేను. బందరు వెళ్ళాను. నిన్న ఈ కొట్టు వెనక మా పెరట్లో కొబ్బరి దింపు తీయించాను. కాయలతో పాటు ఇవి కూడా రాలాయి. ఇదేం కాపో నాకు అర్థం కాలేదు, నువ్వు చదువుకున్నవాడివి కదా, చూసి చెప్పు నాయనా."

సంచిలోంచి ముందు చిటికెన వేలంత నల్ల ప్లాస్టిక్ రెక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కన ఒక తోలు చెప్పు.

హనోకు చెప్పు తిరగేసి చూశాడు. "గుడివాడదే! బావా, చెప్పు విసిరి కొట్టి దింపావా డ్రోన్ని?"

"అది... సముద్రం..." అన్నాడు ఈశ్వరప్రసాద్.

"డెబ్బై ఏడు ఉప్పెనలో మా అమ్మ ఆ చెట్టునే కరుచుకుని బతికింది," అంది మహాలక్ష్మమ్మ. "అంత ఉప్పెనలో కూడా నీళ్ళు దాని మొవ్వు దాకా ఎక్కలేదు. మరి మొన్న సోమవారం ఏ సముద్రం ఎక్కించింది నీ చెప్పుని?"

హనోకు నవ్వుతూ నవ్వుతూ బల్ల మీదనుంచి జారాడు. ఈశ్వరప్రసాద్ ఆ చెప్పుని మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

"అసలు ఎత్తెంత పెట్టావు?" అన్నాడు నాంచారయ్య. ఆయన నవ్వలేదు.

"ఇరవై. కొన్నప్పుడు అందులో ఉన్న అంకె. అంతా చదునే కదా, ఒక కొండా, గుట్టా అని..."

"చెట్టు ఇరవై దాటి ఉంటుంది," అంది మహాలక్ష్మమ్మ. "నువ్వు రోజూ దాని నీడలోనే టీ తాగుతావు."

నాంచారయ్య గ్లాసు ఖాళీ చేసి లేచాడు. ఇక బేరం లేనట్టేనని ఈశ్వరప్రసాద్ చెప్పు చంకలో పెట్టుకున్నాడు.

"కొత్త రెక్క తగిలించుకుని రేపు పొద్దున్నే రా," అన్నాడు నాంచారయ్య. "పిల్లల్ని గట్టు మీద నిలబెడతాను, ఒక్కడు కూడా దాని కిందకి రాడు. చెట్లూ, టవరూ ఇద్దరం చూద్దాం. ఆ అంకె నా కళ్ళ ముందు పెట్టాకే ఎగరెయ్యి."

"ఎంత పెట్టమంటారు మావయ్యా?"

"మొదట్లో చెప్పావే, ఆ అరవై. దానికున్న ఒక్క సున్నా చాలు."