హిమాలయాల బొంత

సారంగపాణి కోతలు మొదలుపెట్టే ముందు తనను తాను నాలుగు తిట్టుకుంటాడు. బురదంతా ముందే తన మీద చల్లుకుంటే ఎదుటివాడికి చల్లడానికేం మిగలదని అతని లెక్క.

ఆ రోజూ అంతే చేశాడు. కాజీపేట స్టేషన్ రోడ్డు, పోశవ్వ చాయ్ బండి, మే నెల ఎండ. ఒళ్లో నల్లటి స్లీపింగ్ బ్యాగు పెట్టుకుని, బెంచీ మీద కాళ్లు ముడుచుకుని అందుకున్నాడు.

"నా అసొంటి పిరికోడు ఈ కాజీపేటల ఇంకోడు లేడు. ఇంట్ల ఫ్రిజ్ తలుపు తీస్తే మఫ్లర్ చుట్టుకుంట. చలంటే ఈ పెయ్యికి అంత భయం. అసొంటి నేను, మొన్న జనవరిల, ఈ బ్యాగుల దూరి రెండో నంబర్ ప్లాట్‌ఫారం మీద తెల్లందాక నిద్రవోయిన. మంకీ క్యాప్ గూడ లేదు."

"దోమలు గూడ రాలేదా?" అంది పోశవ్వ, గ్లాసులు కడుగుతూ.

"జర ఆగు పోశక్కా. ఇంక కథే షురూ కాలేదు."

కథ నిజానికి పోశవ్వ కోసం కాదు, ఆటో నీడలో కునికిపాట్లు పడుతున్న గుండయ్య కోసమూ కాదు. బెంచీకి ఆ చివర ఫోన్ పట్టుకుని కూర్చున్న యమున కోసం. లోకో షెడ్‌లో టెక్నీషియన్ ఆ పిల్ల. స్నేహితులతో కలిసి హిమాలయాల్లో ఒక మంచు కనుమ దాటడానికి పోతోంది. బూట్లు దొరికాయి, సెలవు దొరికింది, స్లీపింగ్ బ్యాగే తేలలేదు. అంత ఎత్తున చలికి ఆగేది బాతునూగు బ్యాగే. బాతు పొట్ట మీద ఈకల అడుగున, కాడ లేకుండా మెత్తగా ఉంటుందే, ఆ నూగు. తేలికే, వెచ్చనే, ధర చూస్తేనే చెమటలు పడతాయి. వెతగ్గా వెతగ్గా ఫోన్‌లో ఒకటి అందుబాటు ధరలో కనబడింది. పాత మోడలు, ఎవరికీ నచ్చని పసుపు రంగు, అందుకే తగ్గించారు. ఈ పూట ఆర్డర్ పెడితే రైలెక్కేలోపు చేరుతుంది.

ఆ ఆర్డర్ పడకూడదు. సారంగపాణి ఎండలో వచ్చి కూర్చున్నది అందుకే. ఫోం పరుపులు వచ్చిననాటి నుంచి అతని బొంతల దుకాణంలోకి ఈగలు కూడా మొహమాటానికే వస్తున్నాయి. తన చేతి కుట్టు ఒక్కసారి మంచుకొండ ఎక్కిందంటే ఇక చూసుకో, ఫోంవాళ్ల ముందు మీసం తిప్పొచ్చు. రఘునాథపల్లి పొలాల్లో దిగిన బాతుల మందల వాళ్లను బతిమాలి, మెత్తటి నూగు ఏరి తెచ్చి, చలికాలమంతా కూర్చుని కుట్టాడు. బొంత కుట్టినట్టే, వేలు పట్టే సందు లేకుండా. బట్ట ఖర్చిస్తే చాలన్నాడు యమునతో.

"కాకా, ప్లాట్‌ఫారం చలి చలేనా?" అంది యమున. "మేం పండుకునేకాడ సీసల నీళ్లు గడ్డకడ్తయట. బ్యాగుల మీద రెండు అంకెలుంటయి. ఒకటి హాయిగ నిద్రపట్టే చలి, ఇంకోటి సావకుంట తెల్లారే చలి. కంపెనోళ్లు రెండోదే పెద్దగ రాస్తరు. నేను మొదటిది చూసి కొంటాన. నీదెంత మైనస్?"

"నా దానికి అంకె లేదు బిడ్డా. అంతకన్న కిందికి అంకెలు పుట్టలే." సారంగపాణి చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "ప్లాట్‌ఫారం మీద నిద్రవోయిన్నంటి గద. ఆ వెచ్చదనానికి నిద్ర ఎట్ల పట్టిందంటే, పోర్టర్లు వచ్చి పార్సిలనుకొని లేపి ఢిల్లీ బండ్ల ఏసిండ్లు, నాకు తెల్వది, ఢిల్లీల దించి లారీ ఎక్కిచ్చిండ్లు, తెల్వది, లారీ దిగినంక ఏదో కొండెక్కే గుంపు సామాన్ల కలిసి కంచరగాడిద మీదికెక్కిన, అప్పుడు గూడ తెల్వది. కండ్లు తెరిసేసరికి చుట్టూ తెల్లగ. దుకాణంల దూది ఏకుతాన అనుకున్న. చూస్తే మంచు!"

గుండయ్య కళ్లు తెరిచాడు. "మామా, టికెట్?"

"పార్సిల్‌కు టికెట్ ఏందిరా? చీటీ అంటిస్తరు. నుదుటి మీద అంటిచ్చిండ్లు."

"ఊ, చెప్పు."

"అక్కడ మహా మహా గొప్పోళ్లు, మస్తు పైసల బ్యాగులల్ల పండుకోని, పండ్లు టకటక కొట్టుకుంటాండ్లు. నాకేమో చెమట. జిప్పు జర కిందికి గుంజిన. బుస్సుమని వేడి బయటవడ్డది. ఒగాయిన వచ్చి చేతులు కాపుకున్నడు. ఒగామె నా పొట్ట మీద గిన్నె పెట్టి ఉప్మా చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఉప్మా మాడింది," అంది పోశవ్వ.

"మంచు కరిగింది! నా చుట్టూ చెరువైంది. ఉడుకుడుకు నీళ్ల చెరువు. కొండ మీది ముసలోళ్లు మోకాళ్ల నొప్పులకు మంచిదని దిగి కూసున్నరు. గప్పుడు పైనుంచి బాతులు పోతానయి. చలికాలం ఆ కొండలు దాటి మన చెరువులకు వస్తయి సూడు, అవి. కిందికి సూసి, 'అరె, మనోళ్ల నూగు' అనుకున్నయి. దిగినయి. తలా ఒక మూల ముక్కుతోని పట్టినయి. లేపినయి! ఒగ బాతు ఆగలేక నా నెత్తికాడ గుడ్డు పెట్టింది. బ్యాగు వేడికి గుడ్డు పగిలి పిల్లొచ్చింది. నాగపూర్ దాటేసరికి పిల్లకు రెక్కలొచ్చినయి, అది గూడ ఒక మూల పట్టింది!"

"ఎంత బుద్ధిమంతురాలో," అంది పోశవ్వ.

"తెచ్చి ధర్మసాగర్ నీళ్ల మీద దించినయి. రిజర్వాయర్ సలసల మసిలింది. ఆ రోజు వరంగల్ల ఎవ్వలన్న గీజర్ ఏసిండ్లా అడుగుండ్లి. నల్లాలల్ల ఉడుకునీళ్లే వచ్చినయి!"

"నిజమే తమ్మీ," పోశవ్వ తలూపింది. "ఆనాడు నేను పొయ్యి ముట్టియ్యలే. నల్లా కింద చాయ్‌పత్త పట్టిన."

గుండయ్య పడీ పడీ నవ్వాడు. యమున నవ్వలేదు. బ్యాగు అందుకుని అటూ ఇటూ తిప్పింది. షెడ్‌లో ఆమె పనే అది, ఇంజన్లో ఎక్కడ గాలి కారుతుందో పట్టుకోవడం. బ్యాగు మూతి తెరిచి తల లోపలికి పెట్టింది.

"కాకా, నువ్వు గూడ రా."

"నేను కుట్టిందే గద, నాకేం కొత్త?" అంటూనే సారంగపాణి తల దూర్చాడు.

బయట ఎండ మండుతోంది. లోపల చీకటిగా ఉండాలి. లేదు. కుట్టు వెంట కుట్టు, వరస వెంట వరస, వెలుగు గీతలు గీతలుగా దిగుతోంది. సూది దిగిన ప్రతి చోటా ఒక చుక్క మెరుస్తోంది. చలికాలమంతా తాను కూర్చుని పొడిచిన చుక్కలవి.

"నూగు మంచిదే కాకా," పక్కనే యమున గొంతు మెల్లగా అంది. "కానీ నూగు పొంగితేనే వెచ్చన. నువ్వు పై బట్ట, కింది బట్ట కలిపి నొక్కి కుట్టినవ్, బొంత లెక్క. కుట్టున్నకాడ నూగు లేదు. ఎన్ని కుట్లో అన్ని కిటికీలు. నువ్వు చెప్పిన వేడి నల్లాల దాక పోవాలంటే ముందుగాల ఈ బ్యాగుల ఆగాలె గద."

సారంగపాణి తల బయటికి తీశాడు. పోశవ్వ, గుండయ్య ఇద్దరూ అతని మొహంలోకే చూస్తున్నారు.

"చుక్కలు!" అన్నాడు గొంతు పెంచి. "అంత పైకి పోయేదే చుక్కలు సూసెతందుకు! కంపెనీ బ్యాగులైతే తలకాయ బయటవెట్టి ముక్కు గడ్డకట్టిచ్చుకోవాలె. నా దాంట్ల పండుకున్నకాడనే కనవడ్తయి!"

ఈసారి యమున కూడా నవ్వేసింది. నవ్వుతూనే ఫోన్ మీద వేలు నొక్కింది. టింగుమంది. పసుపు రంగు బ్యాగు ఆర్డర్ పడింది. సారంగపాణి విన్నాడు.

తన బ్యాగు బెంచీ మీద పరిచాడు. చెప్పులు విడిచి, ఆ మిట్టమధ్యాహ్నం, ఆ ఎండలో, కాళ్లు లోపలికి దూర్చి, గడ్డం దాకా జిప్పు లాక్కున్నాడు. నుదుటి మీద నుంచి చెమట ధారలు కట్టింది.

"చలి ఏడున్నది? చూపియ్యుండ్లి, ఏడున్నది!"

"లే తమ్మీ, ఉడికిపోతవ్," అంది పోశవ్వ.

"ఉడుకుతాన గద? మరి వెచ్చగ లేదంటరేంది?" మొహం ఎర్రబడినా గడ్డం దించలేదు. "బిడ్డా, ఆ పసుపు సంచి రాంగనె నాకు చూపియ్యి. ఇంత దగ్గర కుట్టు ఆ కంపెనోళ్ల తాతతోని గూడ గాదు!"

"వాళ్లతోని గాదు కాకా," అంది యమున. "అందుకనే గద కొన్నది."