గడ్డాలన్నీ నాకే

మధ్యాహ్నం భోజనాల వేళ. సెలూన్ తలుపు సగం మూసి ఉంది. లోపల అన్నదమ్ములు ఇద్దరే. రెండు కుర్చీలు, గోడ పొడవునా ఒకటే అద్దం.

"ఇంకొంచెం ఎత్తు అన్నయ్యా."

"ఇంతే వస్తోంది. ఇక్కడికొచ్చేసరికి పట్టేస్తోంది. కర్ర కట్టినట్టుంది."

"భుజంలోనా, మోచేతిలోనా?"

"భుజంలో మొదలై వేళ్ళదాకా లాగుతోంది. నాన్నకీ భుజంలోనే మొదలైంది. గుర్తుందా?"

"నాన్న సంగతి ఇప్పుడెందుకు?"

"ఎందుకేమిటి? నరాల జబ్బని తేలేసరికి ఆయన చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయాడు. మొదట్లో ఆయనా ఇలాగే, పట్టేసింది, పట్టేసింది అంటుండేవాడు."

"నువ్వు గుండీలు పెట్టుకోగలుగుతున్నావా?"

"పెట్టుకుంటున్నా."

"సంతకం? అక్షరాలు చిన్నవైపోతున్నాయా?"

"నేను చేసేదే ఏడాదికి రెండు సంతకాలు. చిన్నవో పెద్దవో ఎవడు చూశాడు?"

"నడిచేటప్పుడు చెయ్యి ఊగుతోందా?"

"అదీ చూసుకున్నా. పొద్దున వీధి చివరిదాకా చెయ్యి వంకే చూసుకుంటూ నడిచాను. పాలవాడు సైకిలాపి, ఏం పెద్దాయనా, కవాతు నేర్చుకుంటున్నావా అన్నాడు."

"ఊగిందా, లేదా?"

"చూస్తుంటే ఊగింది. చూడనప్పుడు ఊగిందో లేదో నాకెలా తెలుస్తుంది? అయినా ఇవన్నీ నీకెలా తెలుసు? గుండీలు, సంతకాలు?"

"ఎక్కడో విన్నాను."

"ఎక్కడ?"

"ఎక్కడోలే. ఆ టీ తాగు, చల్లారిపోతోంది."

"మాట తప్పించకు. నా చెయ్యి ఎప్పుడు పడిపోతుందా అని చూస్తున్నావు కదూ?"

"అన్నయ్యా!"

"అన్నయ్యా లేదు, గిన్నయ్యా లేదు. నా కుర్చీ తీసేసి అక్కడ సోఫా వేస్తావు. నీ కోసం కాచుకునేవాళ్ళకి బెంచీ చాలడం లేదుగా."

"ఎవరన్నారా మాట?"

"ఒకళ్ళు అనాలా? నాకు కళ్ళు లేవా? నా కుర్చీ ఖాళీగా ఉన్నా సరే, పర్లేదు, మీ తమ్ముడి దగ్గరే కూర్చుంటామంటారు. ఆ డ్రాయింగు మాస్టారు, పదిహేనేళ్ళు నా ముందు తల వంచిన మనిషి, మొన్న నా కళ్ళెదుటే వెళ్ళి నీ కుర్చీలో కూర్చున్నాడు. నావైపు చూడను కూడా చూడలేదు."

"కళ్ళజోడు తీసేశాడు కదా, కనపడి ఉండవు."

"నీ కుర్చీ మాత్రం కనపడిందా?"

"అంటే..."

"అంతెందుకు, మీ వదిన! కట్టుకున్న పెళ్ళాం. పిల్లదాన్ని తీసుకొచ్చి, మరిదిగారూ, మీ చేత్తో కాస్త ముందు జుట్టు సరిచెయ్యండి అంటుంది. నేను పక్కనే తువ్వాలు దులుపుతూ నిలబడి ఉన్నాను. దిష్టిబొమ్మలాగా."

"నీకు పని ఎక్కువైపోయిందని..."

"పనా? గడ్డాలు! అసలు అక్కడికే వస్తున్నా. తలలన్నీ నీకు, గడ్డాలన్నీ నాకు. నీ కుర్చీలో కటింగ్ అయిపోగానే, గడ్డానికి మా అన్నయ్య దగ్గర కూర్చోండి సార్, ఆయన చెయ్యే చెయ్యి అంటావు. అదీ నవ్వుతూ. మిగిలిపోయిన పని నాకు తోసినట్టు."

"నీ చేతిలో కత్తి మెత్తగా నడుస్తుంది. నిజంగానే అంటాను."

"కాకా పట్టకు. పని నేర్చుకునే రోజుల్లో నీకిచ్చిన పని అది. నురగ కలుపు, గడ్డం చెయ్యి. ఇప్పుడు అది నాకప్పగించావు. అన్నీ చూస్తూనే ఉన్నా. నా ముందు మనిషి గడ్డం మీద ఒక కన్ను, అద్దంలో నీ కుర్చీ మీద ఒక కన్ను."

"అందుకేనా ఆ పోస్టాఫీసాయనకి ఒకవైపు మీసం పొట్టిగా వచ్చింది?"

"నవ్వకు."

"నవ్వడం లేదు. రోజుకి ఎన్ని గడ్డాలవుతున్నాయి?"

"పాతిక. ఒక్కోరోజు ముప్పై. ఇదివరకు పది దాటేవి కావు."

"నొప్పి ఎప్పట్నుంచి?"

"మూడు నెలలై ఉంటుంది."

"ముప్పై గడ్డాలు. చెయ్యి గాల్లో నిలబెట్టి, మెడ నావైపు తిప్పి. నొప్పి రాకేం చేస్తుంది? మన వీధి డాక్టరేమన్నాడు?"

"అతనూ ఇదే అన్నాడు. నరాలు బాగానే ఉన్నాయి, కండరం అలిసింది, పది రోజులు చేతికి విశ్రాంతి ఇవ్వు అన్నాడు. నేను నమ్మలేదు. నాన్నకీ ముందు అదే చెప్పారు. రేపు పెద్దాసుపత్రికి వెళ్ళి నరాల డాక్టరుకే చూపిస్తా."

"వెళ్ళకు."

"ఏం?"

"అక్కర్లేదు. ఊరికే మూడు గంటలు కూర్చోబెడతారు. ఆయన మాత్రం చేసేదేముంది? బొటనవేలికి చూపుడువేలు తట్టమంటాడు, అరచెయ్యి తిప్పమంటాడు, వరండాలో ఆ చివరిదాకా నడిచి రమ్మంటాడు. నీకు అవేవీ అక్కర్లేదు."

"ఒరేయ్. ఆయన గది ముందు వరండా ఉందని నీకెలా తెలుసు?"

"ఆసుపత్రి అన్నాక వరండా ఉండదా?"

"వెళ్ళావు నువ్వు. నా గురించి అడగడానికి వెళ్ళావు! మా అన్న ఇంకెన్నాళ్ళు పనికొస్తాడు అని."

"కాదు."

"ఒట్టు?"

"ఒట్టు. నీ గురించి కాదు."

"మరి ఎవరి గురించి? తువ్వాళ్ళు మడతపెడతావేం? సరే. ఇదిగో, కూర్చున్నా. నీ కుర్చీలోనే. చెయ్యి."

"ఏం చెయ్యాలి?"

"గడ్డం. రెండ్రోజులైంది, ఈ చేత్తో చేసుకోలేకపోతున్నా. అందరూ మెచ్చుకునే ఆ చెయ్యి ఏమిటో నేనూ చూస్తా."

"సాయంత్రం చేస్తాలే."

"ఇప్పుడే."

"వేడినీళ్ళు అయిపోయాయి."

"చన్నీళ్ళు చాలు. నాన్నకి చేశావుగా, చివరిదాకా. నన్ను దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు. చిన్నాడే చెయ్యాలనేవాడు. ఆయనకి చేసినవాడివి నాకు చెయ్యడానికి నామోషీనా?"

"అన్నయ్యా, వద్దు. నా మాట విను."

"విన్నాను చాలా. కత్తి తియ్యి. తీశావా? ఊఁ, రా. అద్దంలో చూస్తూనే ఉన్నా. ఒరేయ్, ఆ కత్తి ఎందుకలా ఊపుతున్నావు? భయపెడదామనా?"

"నేను ఊపడం లేదు."

"మరి?"

"కత్తెరైతే దువ్వెన ఆసరా ఉంటుంది, ఎవరికీ తెలియదు. కత్తికి ఏ ఆసరా లేదు. ఆ డాక్టరు నా చెయ్యి పట్టుకుని, ఇది నాన్న జబ్బేనని చెప్పి నాలుగు నెలలైంది. కుర్చీలోంచి లే అన్నయ్యా, నీ గొంతు దగ్గరికి రావాలంటే నాకు భయంగా ఉంది."