కొలతమ్మ రిటైరైన రోజు

ఆ తైలం నెమ్మదిగా రాయవే తల్లీ, అది మోకాలు, గచ్చు కాదు. ఆఁ, ఏమన్నావు? కొలతమ్మ ఎవరా? ఆ పేరు నీకెవరు చెప్పారు, మీ నాయనమ్మేనా? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కొలతమ్మంటే మా పెద్ద డాక్టరమ్మే. ఆకుమందు వైద్యుల్నీ సూదిమందు డాక్టర్లనీ ఒకే బల్ల దగ్గర కూచోబెట్టి పరిశోధన చేయించిన మనిషి. ఆ బల్ల దగ్గర రోజూ రణరంగమే అనుకో. ముసలి వైద్యుడుగారేమో "మా తాతల నాటి మందుకి నీ పరీక్షేంటమ్మా" అని మూతి ముడుచుకునేవాడు. కుర్ర డాక్టరేమో "ఆకులు నమిలేది మేకలండీ" అని ముసిముసిగా నవ్వేవాడు. ఈవిడ ఇద్దరి మాటా విని "సరే, కొలుద్దాం" అనేది. అందుకే మేం ఆ పేరు పెట్టాం, ఆవిడకీ తెలుసులే. నేనా? మందుల గదిలో సీసాలు నింపేవాణ్ణి. ఎంత కడిగినా చేతుల్లోంచి చేదు పోయేది కాదు. మీ నాన్న పసివాడప్పుడు నా వేలు నోట్లో పెట్టుకుని కెవ్వుమన్నాడు, వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది... అది వేరే కథలే.

ఎక్కడున్నాం? ఆఁ, కషాయం. వేళ్ళ కీళ్ళనొప్పులకి ముసలి వైద్యుడుగారి కషాయం పనిచేస్తుందా లేదా అని నాలుగేళ్ళు చూశారు. సగం మందికి కషాయం, మిగతా సగానికి అదే రంగు, అదే చేదు కలిపిన ఉత్తి నీళ్ళు. ఎవరికి ఏది వచ్చేదీ బయటపెట్టకూడదు. ఆ మాట ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్ళనే తీసుకున్నారు. పరీక్ష చేసే డాక్టర్లకి కూడా తెలీదు. తెలిసిందల్లా నాకొక్కడికే. జాబితా నా సొరుగులో ఉండేది మరి.

ఆ తెలియడమే నా కొంప ముంచింది. ఒక దర్జీ ఆవిడ వచ్చేది. బొత్తం కుట్టడానికి సూది పట్టుకోలేకపోయేది పాపం. ఆవిడది నీళ్ళ సీసా. నేనిస్తుంటే రెండు చేతులా అందుకుని "నీ చేతి చలవ బాబూ, ఈసారి తగ్గుతుంది" అనేది. ఎన్నాళ్ళని చూస్తానే? ఒక రోజు కషాయం పోసిచ్చేశాను. తర్వాత బడి పంతులమ్మకి, తర్వాత ఇంకొకాయనకి... చివరికి నీళ్ళ సీసాల వాళ్ళలో సగానికి సగం మందికి మార్చేశాను. పుణ్యం చేస్తున్నాననుకున్నా. పైగా గర్వం కూడానూ.

ఆవిడ రిటైరయ్యే రోజు రానే వచ్చింది. ఫలితం ఆ మధ్యాహ్నం సభలో చదవాలి. పొద్దున్నే మా గదికొచ్చి స్టూలు మీద కూలబడి "పనిచెయ్యలేదయ్యా. కషాయం వాళ్ళకీ నీళ్ళ వాళ్ళకీ తేడా లేదు" అంది. ఆ మాట ముసలాయనకి ఎలా చెప్పాలా అని ఆవిడ బెంగ. తేడా ఎలా ఉంటుందే, రెండో వైపు వాళ్ళకీ నేను అదే పోస్తే! చెబితే ఉద్యోగం ఊడుతుంది, మీ నాన్నా అత్తా బళ్ళో చదువుతున్నారు. చెప్పకపోతే మంచి మందు చెత్తబుట్టలోకి పోతుంది. నిలబడ్డచోటే చెప్పేశాను, అంతా. తిట్టలేదు. "ఎంతమంది?" అనడిగింది. పంతొమ్మిది మంది అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని సభకి బయల్దేరింది.

సభలో ఒకటే పొగడ్తలు. నేను తలుపు పక్కన నిలబడ్డాను, నా పేరు ఎప్పుడొస్తుందా అని. ఆవిడ లేచి, ఫలితం రాసుకొచ్చిన కాగితం మడిచి సంచిలో పెట్టేసి, "ఈ నాలుగేళ్ళ పరిశోధన చెల్లదు. ఏ సీసాలో ఏముందో మందుల గదికి తెలిసేలా పెట్టాను. తప్పు నాది" అంది. పాతికేళ్ళ పేరు పోగొట్టుకుందే, వెళ్ళిపోయే రోజున! పైవాళ్ళు ఎవరు, ఎవరు అని గుచ్చి గుచ్చి అడిగారట. పద్ధతి నాది, ఎవర్నీ ఏమీ అనడానికి లేదని రాసిచ్చేసింది. ఈ ఇంట్లో మనం తిన్న ప్రతి ముద్దా ఆ కాగితం చలవే, గుర్తుపెట్టుకో.

పోనీ ఇంట్లో కూచుందా? మర్నాడే వచ్చింది. గది కొత్తాయనకిచ్చేశారుగా, ఈవిడకి మెట్ల కింద ఓ బల్ల వేశారు. మళ్ళీ మొదట్నుంచీ, కొత్తవాళ్ళతో. ఈసారి సీసాలు వేరేచోట నింపి, అంకెలేసి పంపేవారు. పంచడానికి మాత్రం నేనే ఉండాలని పట్టుబట్టింది. ఒక ముసలాయన "నాది అసలు మందేనా" అనడిగితే "తెలీదు బాబాయ్" అన్నాను. ఆ మాట అంటుంటే ఎంత హాయిగా ఉందో.

మూడేళ్ళకి తేడా తేలింది. అందరికీ కాదులే, నీళ్ళు తాగినవాళ్ళు పదిమందిలో ఇద్దరికి నొప్పి తగ్గితే, కషాయం తాగినవాళ్ళలో ఐదుగురికి తగ్గింది. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ రాయనివ్వలేదు. అచ్చుకి పంపేముందు నన్ను పిలిచి చూపించింది. పనిచేసినవాళ్ళ పేర్లలో డాక్టర్ల పక్కన నా పేరుంది. సిగ్గేసింది నాకు. "నాదెందుకమ్మా, అంతా చెడగొట్టినవాణ్ణి" అన్నాను.

"చెడిందని చెప్పినవాడివీ నువ్వేగా. నువ్వు చెప్పకపోతే నేను అబద్ధం చదివేసి ఇంటికెళ్ళిపోయేదాన్ని" అంది.

ఆవిడ పోయి ఇరవయ్యేళ్ళు. నా పేరు చూపించిన ఆ రోజు దణ్ణం పెడదామంటే సిగ్గుతో నాకు చేతులు రాలేదే తల్లీ...

ఏమిటలా నా మొహంలోకి చూస్తావు? గుమ్మంలో ఎవరో పిలుస్తున్నట్టుంది. వెళ్ళి చూడు.